లోపలి గడియ

గొడవ ఎక్స్‌టెన్షన్ బాక్సు దగ్గర మొదలైంది. ఇంట్లో ఉన్నది అదొక్కటే. అత్తగారి మంచం పక్కన, ఆవిడ టేబుల్ ఫ్యానుకి కాపలా కాస్తున్నట్టు ఎప్పుడూ అక్కడే పడుండేది. పెద్దకోడలు దాన్ని ఊడబీకి హాల్లోకి తెచ్చుకుంది.

"నా ఫ్యాను ఏ గాలికి తిరుగుతుందనుకున్నావమ్మాయ్?"

"ఫ్యాను గాలికి తిరగదు అత్తయ్యా. ఫ్యాను తిరిగితేనే గాలి. ఒక్క అరగంట ఓపిక పట్టండి. ఆసుపత్రివాళ్ళు పంపిన కంప్యూటరు వెలుగుతుందో లేదో చూసుకుని ఇచ్చేస్తాను."

"వెలగకపోతే?"

"వెనక్కి పంపుతాను."

"అదేదో ఇప్పుడే పంపెయ్యి. మధ్యలో నేనెందుకు ఉడికిపోవడం?"

పెద్దకోడలు ఒక పెద్ద ఆసుపత్రిలో ఫోన్ల దగ్గర పని చేసేది. ఏ డాక్టరు ఏ పూట ఉంటాడు, ఏ పరీక్షకి ఖాళీ కడుపుతో రావాలి, ఇలాంటివి రోజంతా చెప్పే పని. వాళ్ళు కూర్చునే అంతస్తులో ఇప్పుడు రోగులకి మంచాలు వేయాలట. ఫోన్లవాళ్ళంతా ఇంటి దగ్గరే కూర్చుని పని చేసుకోమన్నారు. కంప్యూటరు వాళ్ళే ఇచ్చారు. అయితే విడిగా ఒక గది ఉండాలి, దానికి మూసుకునే తలుపుండాలి, ఇంట్లో చప్పుళ్ళు రోగులకి వినపడకూడదు. సూపర్‌వైజరు వీడియోలో గది చూసి సరేనంటేనే లైను ఇస్తారు, లేకపోతే ఉద్యోగం లేదు. ఆ ఉద్యోగం పెద్దకోడలు తన ఒక్కదాని కోసం చేస్తున్నది కాదు. కూతురు పాప చదువంతా దాని మీదే నడుస్తోంది.

"ఏంటా అరుపులు?" అంటూ బుజ్జి తన గదిలోంచి వచ్చాడు.

బుజ్జి అంటే చంటివాడనుకునేరు. అత్తగారి చిన్నకొడుకు. గోడౌనులో బస్తాలు ఎత్తీ దించీ మెడ కాస్తా భుజాల్లో కలిసిపోయిన మనిషి. ద్వారంలో నిలబడితే వెనక గది కనపడదు.

"ఏం లేదు నాన్నా, నువ్వెళ్ళి పడుకో" అంది అత్తగారు. ఆవిడ గొంతు అప్పటికే మెత్తబడింది.

"దీనికోసమేనా?" బుజ్జి వంగి బాక్సుని తీగ పట్టుకుని ఎత్తాడు. తీగని పిడికిలికి రెండు చుట్లు చుట్టాడు. "దీనికోసమేగా ఇద్దరూ నా నిద్ర పాడు చేసింది?" అని గోడకేసి కొట్టాడు. మొదటి దెబ్బకి మూత ఎగిరిపోయింది, రెండో దెబ్బకి గోడ సున్నం రాలింది. ఆ తర్వాత బాక్సు లేదు, తీగ చివర ఒక ఇత్తడి ముక్క మాత్రం ఉంది. అది తిరిగొచ్చి పెద్దకోడలి చెవి పక్కనుంచి రివ్వున పోయింది.

"లోపల పనుంది, రండి" అంది అత్తగారు, మామూలుగా, ఎవరో చుట్టాలొచ్చినప్పుడు అన్నట్టు.

ఆ ఇంట్లో ఆ మాటకి అందరికీ అలవాటే. పాప చదువుతున్న పుస్తకంలో వేలు పెట్టి మూసి లేచింది. ముగ్గురూ సామాన్ల గదిలోకి వెళ్ళారు. అత్తగారు తలుపు మూసి లోపల గడియ పెట్టింది.

ఆ ఇల్లు సర్దిన తీరే వేరు. గాజు సామాను ఒక్కటి లేదు, తినే కంచాల నుంచి తాగే గ్లాసుల దాకా అన్నీ స్టీలువే. అద్దం గోడకి నాలుగు మరలతో బిగించి ఉంటుంది. కత్తిపీట ఫ్రిజ్ వెనకాల. చేతికందే ఎత్తులో బరువైనదేదీ ఉండదు. కొత్తవాళ్ళెవరైనా వస్తే, ఎంత శుభ్రంగా పెట్టుకున్నారండీ ఇల్లు, అనేవారు. సామాన్ల గదిలో బియ్యం డబ్బా పక్కన ఒక ముక్కాలి పీట, ప్లాస్టిక్ నీళ్ళ సీసా, పాపకి ఒక దిండు ఎప్పుడూ ఉండేవి. అవి అక్కడెందుకున్నాయో ఒకరు అడిగిందీ లేదు, ఇంకొకరు చెప్పిందీ లేదు.

బయట బుజ్జి తలుపుని తన్నడం మొదలుపెట్టాడు. ఒక్కో తన్నుకీ పై అరలో డబ్బాలు గలగలమంటున్నాయి. అత్తగారు పీట మీద కూర్చుని కళ్ళు మూసుకుంది. పాప దిండు మీద కూర్చుని పుస్తకం తెరిచి, వేలున్న చోట నుంచి చదువుకుంటోంది.

పెద్దకోడలు నిలబడే ఉంది. ఎదురుగా గోడ, పైన చిన్న వెలుతురు కిటికీ. వీధి చప్పుడు లేదు. తలుపుంది. ఆమె మోచేతి నుంచి వేలి కొస దాకా గోడకి ఆనించి కొలిచింది. ఒక మూర, రెండు మూరలు, ఇంకో జానెడు. బల్ల పడుతుంది. బియ్యం డబ్బా వంటింట్లోకి పోతే కుర్చీ కూడా పడుతుంది.

"ఏంటే అది?" అంది అత్తగారు కళ్ళు తెరిచి.

"కొలుస్తున్నానత్తయ్యా."

తలుపు మీద ఇంకో తన్ను పడింది. "అదిగో, వాడు కూడా కొలుస్తున్నాడు" అంది అత్తగారు. ఆవిడకి నవ్వొచ్చినట్టుంది. వెంటనే చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సాయంత్రం పెద్దకొడుకు వచ్చాడు. ప్రింటింగ్ ప్రెస్సులో పని. ఎప్పుడూ అంతా అయిపోయాకే వస్తాడు. విరిగినవి అతికించడంలో మాత్రం ఆయన్ని మించినవాళ్ళు లేరు. బాక్సు ముక్కలు ఏరి కాగితంలో వేసి, "ఇది అతకదు" అన్నాడు బాధగా. "వాడి సంగతి తెలిసిందేగా. మీరు కాస్త చూసుకోవద్దూ?"

"సామాన్ల గదిలో ఆఫీసు పెట్టుకుంటాను" అంది భార్య.

ఆయన ఒక్క క్షణం తలెత్తి, మళ్ళీ ముక్కల వైపు చూసుకున్నాడు. "పెట్టుకో. మంచి గదే" అన్నాడు.

మర్నాడు వడ్రంగి మేస్త్రీ వచ్చాడు. పాత కుట్టుమిషను బల్ల మీద చెక్క వేసి పని బల్ల చెయ్యడం, ఇనప అరల స్టాండుని కోసి పొట్టి చెయ్యడం, ఇంతే పని అనుకున్నారు. బల్ల పెట్టి చూస్తే తలుపు సగం దాకానే తెరుచుకుంటోంది.

"తలుపు లోపలికి కాకుండా బయటికి తెరుచుకునేట్టు తిప్పెయ్యాలమ్మా. బందులు మారిస్తే సరి."

"తిప్పండి. కానీ మూస్తే సందు ఉండకూడదు. కాగితం కూడా దూరకూడదు. చప్పుడు లోపలికి రాకూడదు" అంది పెద్దకోడలు. పని విషయంలో ఆమె పట్టుదల అలాంటిది. మేస్త్రీ చేత బల్లని మూడుసార్లు జరిపించింది, వెలుతురు ఎడమవైపు నుంచి పడాలని.

మేస్త్రీ తలుపు ఊడదీసి నేల మీద పడుకోబెట్టి, కింది భాగం చేత్తో తడిమాడు. "ఇదేంటి ఇంత నలిగింది? ఎలకలా?"

"ఎలకలే" అంది అత్తగారు.

"బాగా తిన్న ఎలకలా ఉంది" అని, లోపలి వైపు చూశాడు. "సామాన్ల గదికి లోపల గడియెందుకమ్మా? బియ్యం బస్తా గడియ పెట్టుకుని పడుకుంటుందా?"

పెద్దకోడలు అత్తగారి వైపు చూసింది. అత్తగారు పెద్దకొడుకు వైపు చూసింది. ఆయన ఫ్యాను రెక్కల మీద దుమ్ము చూస్తున్నాడు. అవసరం అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఎందుకవసరం అని మేస్త్రీ అడుగుతాడు. పరాయివాడి ముందు దానికి జవాబు చెప్పాలి. అంతకంటే కష్టం, సోఫాలో కాళ్ళు చాపుకుని ఫోను చూసుకుంటున్న బుజ్జి ముందు చెప్పాలి.

"ఎప్పట్నుంచో ఉంది నాయనా" అంది అత్తగారు.

"బయటికి తెరుచుకునే తలుపుకి ఈ గడియ పనికిరాదు. కొత్తది వెయ్యాలి. వెయ్యమంటారా, వదిలెయ్యమంటారా?"

"వదిలెయ్ మేస్త్రీ" అన్నాడు బుజ్జి ఫోనులోంచి తలెత్తకుండా. "లోపల్నుంచి గడియ పెట్టుకుని ఏం చేస్తారు వీళ్ళు?"

ఒకసారి వాడు ఆ మాట అన్నాక, కాదు వెయ్యండి అనడానికి ఆ ఇంట్లో ఎవరికీ నోరు లేదు. మేస్త్రీ గడియ విప్పి జేబులో వేసుకున్నాడు. తలుపు లోపలి వైపు, లాక్కోవడానికి, సొరుగులకి వాడే చిన్న పిడి ఒకటి బిగించాడు.

పీట అటక మీదికి, దిండు పాప మంచం మీదికి చేరాయి. పెద్దకోడలు ఆ గదిని రెండు రోజుల పాటు మురిపెంగా సర్దుకుంది. తీగలన్నీ ఒక జడలా అల్లి బల్ల కాలికి కట్టింది. నెట్ వచ్చే పెట్టె అరల పక్కన, డాక్టర్ల వేళల పట్టిక కంటికి ఎదురుగా, నీళ్ళ సీసా కుడిచేతికి దూరంగా, కలాలు ఒక స్టీలు గ్లాసులో. కుర్చీ ఎత్తు చాలకపోతే దుప్పటి మడిచి వేసుకుంది. స్టాండు కోయగా మిగిలిన ఇనప యాంగిల్ ముక్కలు, ఇంకో అరకి పనికొస్తాయని మూలకి నిలబెట్టింది. పెళ్ళయ్యాక తన వస్తువులు తను పెట్టిన చోటే ఉండటం ఆమె చూడడం అదే మొదటిసారి.

తనిఖీ రోజు పొద్దున్నే, "ఆ గంటసేపు ఇంకెవరూ నెట్ వాడకూడదత్తయ్యా. బుజ్జికి కాస్త చెప్పండి" అంది.

"చెప్తాలే" అంది అత్తగారు. చెప్పలేదు. బుజ్జికి సెలవు రోజు. ఫోనులో ఆట ఆడుకుంటున్నాడు. ఆడుతుండగా పలకరిస్తే ఏమవుతుందో ఆవిడకి తెలుసు. నిదానంగా, ఆట అయ్యాక చెబుదామనుకుని వంటింట్లో కూరలు తరుగుతూ కూర్చుంది.

సూపర్‌వైజరు కళ్ళజోడు పెట్టుకున్న పెద్దావిడ. "గోడ చూపించండి. తలుపు మూసి చూపించండి. మంచి గదమ్మా, పొందిగ్గా సర్దుకున్నారు" అంది. పెద్దకోడలు పొంగిపోయింది. "ఇప్పుడు నేను రోగిలా ఫోను చేస్తాను, మీరు జవాబివ్వండి. ఇంట్లో వేరే నెట్ వాడకం ఏదైనా ఉంటే ఆపెయ్యండి, మీ గొంతు తెగి తెగి వినపడుతోంది."

పెద్దకోడలు కంప్యూటర్లోనే ఒక మీట నొక్కి ఇంట్లో మిగతా ఫోన్లన్నింటికీ నెట్ ఆపేసింది.

హాల్లో సోఫా కుదుపుతో జరిగిన చప్పుడు వినపడింది. "ఎవడు ఆపాడు? ఎవడాపాడే?"

స్టీలు పళ్ళెం గోడకి తగిలింది. కూర ముక్కలు నేలంతా చెల్లాచెదురయ్యాయి. "లోపల పనుంది" అన్న అత్తగారి గొంతు మధ్యలోనే తెగింది. తలుపు తెరుచుకుని ముందు పాప, వెనకే అత్తగారు లోపలికి పడ్డారు. ఆవిడ తలుపు లాగి మూసి, అలవాటుకొద్దీ చెయ్యి పైకెత్తింది. గడియ ఉండే చోట నాలుగు మరల గుంతలు మాత్రం ఉన్నాయి. ఆ గుంతల మీద వేళ్ళు తడుముతూ ఆవిడ కోడలి వైపు చూసిన చూపు చెప్పనలవి కాదు.

పెద్దకోడలు ఒక్క గెంతులో పిడి పట్టుకుంది. అది సొరుగు పిడి, రెండు వేళ్ళకంటే పట్టదు. అవతల్నుంచి బుజ్జి ఒక్కసారి లాగాడు. పిడి ఆమె వేళ్ళ చర్మాన్ని వలుచుకుంటూ ఊడిపోయింది.

"దాక్కుంటున్నారా? నేనేమైనా పులినా?"

ఇన్నేళ్ళూ వాడి కోపం తలుపు మీద తీరేది. ఇప్పుడు మధ్యలో తలుపు లేదు. తల్లి జుట్టు పట్టుకుని బయటికి ఈడ్చబోయాడు. ఆవిడ రెండు చేతులతో బల్ల పట్టుకుంది. వాడు విదిలించేసరికి ఆవిడ నుదురు కొత్త చెక్క అంచుకి తగిలి చిట్లింది. నెత్తురు కంటి మీదుగా కారి కీబోర్డు మీద పడింది. పాప అరలకి, గోడకి మధ్య ముడుచుకుపోయింది. నెట్ పెట్టె ఎక్కడుందో చూడటానికి బుజ్జి ఆ వైపు వంగి, అడ్డంగా ఉందని పాప భుజం పట్టి ఎత్తాడు. వస్తువుని ఎత్తినట్టే ఎత్తాడు. పాప కాళ్ళు నేలకి ఆనడం లేదు.

పెద్దకోడలి చేతికి మూలన ఉన్న ఇనప యాంగిల్ వచ్చింది. ఆమె గురి చూసే కొట్టింది. మణికట్టు మీద. ఎండు పుల్ల విరిగిన చప్పుడైంది. పాప కింద పడింది. బుజ్జి తన చేతిని, అది ఎవరిదో అన్నట్టు చూసుకుంటూ మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

అక్కడితో ఆపొచ్చు. ఆమె మళ్ళీ ఎత్తింది. ఈసారి భుజం మీద, చెయ్యి ఎంత పైకి వెళితే అంత ఎత్తి కొట్టింది. వాడు ముందుకి పడ్డాడు. మూడోసారి ఎత్తినప్పుడు ఆమె కళ్ళ ముందు ఉన్నది వాడి తల వెనక భాగం, మెడ మొదలయ్యే చోటు.

"వద్దే!" అంది అత్తగారు. "వాణ్ణి చంపకే!"

అప్పుడు వినపడింది బల్ల మీంచి చిన్న గొంతు. "ఏమ్మా, ఏమవుతోందక్కడ? పోలీసుల్ని పిలవనా? మాట్లాడండి!"

అత్తగారు నెత్తురు కారుతున్న ముఖంతోనే లేచి, తడిచెయ్యి తీసుకెళ్ళి కెమెరాకి అడ్డం పెట్టింది. "ఏం లేదమ్మా, ఏం లేదు. టీవీలో సినిమా" అంది.

ఆ మాట విన్నాక పెద్దకోడలి చేతిలోంచి ఇనుము జారిపోయింది.

వీధి చివరి దవాఖానాలో అత్తగారి నుదుటికి కుట్లు వేశారు. బుజ్జి చేతికి మోచేతి దాకా కట్టు కట్టారు.

"ఎలా విరిగింది?" అన్నాడు డాక్టరు.

"మెట్ల మీద జారాను" అన్నాడు బుజ్జి నేల చూస్తూ. వదిన అక్కడే నిలబడి ఉంది. ఆ మాట అనేటప్పుడు వాడు ఆమెకి అందనంత దూరం జరిగాడు.

డాక్టరు అత్తగారి నుదురు వైపు చూశాడు. "ఇద్దరూ ఒకే మెట్టు మీద జారారా?"

"పాత మెట్లు బాబూ" అంది అత్తగారు.

పెద్దకోడలు అరచేతికి చుట్టిన గుడ్డ బిగించుకుంది. వేళ్ళు మండుతున్నాయి. భుజంలో మాత్రం ఇంకా ఒక హాయి మిగిలే ఉంది, బరువు దించుకున్నాక ఉండే హాయి. మూడోసారి ఎత్తిన చెయ్యి ఎక్కడ పడేదో ఆమెకి స్పష్టంగా తెలుసు. దవాఖానా నుంచి ఇంటిదాకా ఆమె ఆలోచించింది దాని గురించే.

ఇంటికొచ్చేసరికి సూపర్‌వైజరు ఫోను. "పోలీసులతో మాట్లాడటం మీ ఇష్టానికే వదిలేస్తున్నాను. గదికి వంక లేదు. ఎల్లుండి ఇంకోసారి చూస్తాను. ఆలోగా లోపల్నుంచి గడియ పెట్టించుకోండమ్మా." మంచి మనసుతోనే చెప్పింది. పెద్దకోడలు బకెట్టు, గుడ్డ తెచ్చుకుని కీబోర్డు మీటల మధ్య నెత్తురు పుల్లతో తీసి తుడిచింది.

రాత్రి వంట ఆమే చేసింది. అందరూ కూర్చున్నారు. బుజ్జి కుడిచేతికి కట్టు ఉంది గనక అత్తగారు పక్కనే కూర్చుని అన్నం కలిపి ముద్దలు పెడుతోంది. పెద్దకొడుకు చాలాసేపు గొంతు సవరించుకుని, "రేపు మేస్త్రీని పిలిచి మంచి గడియ వేయిస్తాను. గట్టిది, ఇనపది" అన్నాడు.

"వేయించకండి" అంది పెద్దకోడలు.

"అదేంటి? ఆవిడ కూడా అదేగా చెప్పింది?"

"ఆ గది నా ఆఫీసు. నేను లోపల కూర్చుని రోగులతో మాట్లాడుతుంటే మీ అమ్మా, మన పాపా వచ్చి బల్ల కింద దూరడానికి కాదు. ఇంట్లో దాక్కోవడానికి ఇంకో గది లేదు. నేను కొలిచాను." ఆమె గ్లాసు కింద పెట్టింది. "ఇంకొకటి చెప్తాను వినండి. మొదటి దెబ్బ పాప కోసం కొట్టాను. రెండోది నా కోసం కొట్టాను. బాగుంది. మూడోది తల మీద పడేది. అత్తయ్య అరవకపోతే ఈపాటికి మీరు నన్ను జైల్లో చూడ్డానికి వచ్చేవారు. మళ్ళీ జరిగితే నేను ఆగను. ఆగలేను. అందుకని బుజ్జి ఈ ఇంట్లో ఉండకూడదు. ఉంటే, పొద్దున్నే నేనూ పాపా వెళ్ళిపోతాం."

"నన్ను పొమ్మంటావా?" బుజ్జి లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. ఆ చప్పుడుకి పాప కంచం పట్టుకుని లేచి నిలబడింది.

"కూర్చో తల్లీ. తిను" అంది పెద్దకోడలు. తను లేవలేదు. మరిది కళ్ళలోకి చూస్తూ ఉండిపోయింది. వాడి చూపు ఆమె చేతుల మీదికి దిగి, అక్కడే ఆగింది.

"చూడమ్మా, నువ్వైనా చెప్పు" అన్నాడు తల్లితో. "చెయ్యి విరగ్గొట్టి, ఇంట్లోంచి కూడా..."

అన్నయ్య కంచంలోకి చూసుకున్నాడు. అత్తగారు చేతిలో ముద్ద అలాగే పట్టుకుని ఉంది. కుట్ల కింద కన్ను సగం మూసుకుపోయి ఉంది.

"కూర్చో బుజ్జీ" అంది చివరికి.

వాడు కూర్చున్నాడు. ఆవిడ ముద్ద వాడి నోటికి అందించింది, మూతి పక్కన అంటిన మెతుకు వేలితో తీసింది.

"కడుపు నిండా తిను. పొద్దున నేనే వచ్చి గోడౌను దగ్గర నీకో గది చూసి పెడతాను" అంది. "చెయ్యి బాగయ్యేదాకా రోజూ క్యారేజీ తెచ్చి ఇస్తాను. గుమ్మం దగ్గర పెట్టి వచ్చేస్తాను గానీ, లోపలికి రాను. నాకూ నువ్వంటే భయమేరా."